పెన్నకు నీళ్లు మోసిన మూడు దినాలు

థార్ ఎడారి ఎట్లుంటుందో తెలుసుకుందామని ఇది చదవబోయేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా: మేమింకా ఆడికి పోలేదు. మేము పోయింది జమ్మలమడుగుకు, పులివెందులకు. ప్రొద్దుటూరులో పొద్దున బస్సెక్కితే మాపిటేలకు ఇల్లు చేరే దూరం. దానికి మాకు మూడు దినాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

తప్పు నాదే. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తా. పోయినేడు ఒక దినం పాఠానికని ఫోన్లో పక్షుల బొమ్మలు వెతుక్కుంటుంటే, పక్కన కూచొని కాఫీ తాగుతున్న మా ఆయన యోహాను ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మే, నిలుపు. ఇది బట్టమేక పిట్ట గదా!"

ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయన జమ్మలమడుగు అవతల నల్లరేగడి చేలల్లో జొన్నకు కావలి ఉండేవాడు. ఎనిమిదేండ్ల వయసులో మంచె మీద కూచొని ఆ పిట్టను చూసినాడంట. "నా నడుమెత్తు ఉండె, ఎవురికీ బెదరకుండా చేలో అడ్డంగా నడిచిపోయె" అని చెప్పినాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.

"ఇప్పుడు యాడుండాయి ఇవి?"

"రాజస్థాన్‌లో. జైసల్మేర్ పక్కన ఎడారి జాతీయ పార్కని ఒకటుంది, దాంట్లో కొన్ని మిగిలినాయంట" అన్నా.

అనకుండా ఉండాల్సింది. ఆయన ముప్పై రెండేండ్లు బస్సు తోలినాడు, అదీ ఎక్కువ కాలం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారిలోనే. రిటైరై అప్పటికి ఆరు నెలలు. పొద్దున నాలుగింటికే లేచి, యాడికీ పోయే పని లేదని గుర్తొచ్చి, మంచం మీద కాళ్లు కిందికేసుకొని కూచునేవాడు. ఆ పిట్ట బొమ్మ చూసిన మర్నాడు లేచి మ్యాపు పరుచుకున్నాడు. ఆయన లెక్క ఇది: మా పాత మోటార్ సైకిల్‌ను రైల్లో వేసి జోధ్‌పూర్ దాకా, ఆడినుంచి ఎడారిలోకి బండి మీద, నేను వెనక. జనవరిలో.

ఆయనకు అరవై మూడు, నాకు యాభై ఏడు. వద్దంటే ఆయన మళ్లీ మంచం మీద కాళ్లు కిందికేసుకొని కూచుంటాడు. సరేనంటే ఇద్దరం ఏ ఇసకదిబ్బ కిందనో తేలుతాం. అందుకని షరతు పెట్టినా. వేసవి సెలవుల్లో మూడు దినాలు పరీక్ష. ఎడారికి తీసుకుపోయే సామాను మొత్తం బండికి కట్టాల, నన్ను ఎక్కించుకోవాల, పెన్న ఇసకలో తోలాల, ఎవురి సాయమూ తీసుకోకూడదు. పాసైతే జనవరికి సెలవు పెడతా. ఫెయిలైతే ఎడారి మాట మా ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు.

"సంతకం పెట్టమంటావా టీచరమ్మా?" అన్నాడు నవ్వుతా. కానీ ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని నాకు తెలుసు.

ప్రొద్దుటూరు: పాలోళ్ల ఫ్రేము

మొదటి దినం పొద్దున మా వీధి చివర ఖాదర్ వెల్డింగ్ షాపుకు పోయినాం. ఖాదర్ తొమ్మిదేండ్లు కువైట్‌లో నీళ్ల ట్యాంకర్ తోలి వచ్చినోడు. ఎడారి కంటితో చూసిన మనిషి మాకు తెలిసి అతనొక్కడే.

మా ఆయన అడిగింది వినేసరికి ఖాదర్ చేతిలోని కడ్డీ కింద పెట్టేసినాడు. పాలోళ్లు క్యాన్లు తగిలించుకోవడానికి బండి వెనక అటూ ఇటూ పెట్టించుకునే ఇనుప ఫ్రేము ఉంటుంది చూడండి, అది కావాలంట. దాంట్లో పాలు కాదు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు.

"నలభై లీటర్లా? యాడికి మామా, పెండ్లికా?"

"ఎడారబ్బా అది! నీళ్లు లేకుంటే ఏమైతాది?"

"ఆడ ఊర్లుండాయి, టీ అంగళ్లుండాయి. మనుషులు బతుకుతాండారు గదా మామా ఆడ! ఇసకలో మనిషిని చంపేది దప్పిక గాదు, బరువు. బరువుంటే చక్రం దిగుతాది, దిగితే లేయదు. టైర్లో గాలి తగ్గించు, సామాను తగ్గించు."

ఖాదర్ చెప్పినదాంట్లో ఇంకోటి నాకు బాగా గుర్తుండిపోయింది. కువైట్‌లో పెద్ద పెద్ద ఇళ్ల ముందర, మసీదుల గోడలకు చన్నీళ్ల కుళాయిలు పెట్టి ఉంటారంట, ఎవురైనా తాగిపోవచ్చు, ఎవురూ నువ్వెవురని అడగరు. మన చలివేంద్రాలు ఉగాదికి మొదలై వానలకు మూతపడతాయి, ఆడ మాత్రం ఏడాది పొడుగునా అంట.

మా ఆయన అంతా విని తల ఊపి, "నువ్వు ఫ్రేము చెయ్యబ్బా" అన్నాడు.

పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. వెల్డింగ్ అయ్యేలోపల ఎదురుగా అంగట్లో కారం దోశ తిన్నాం. ఎర్ర కారం, పైన పప్పులపొడి, నెయ్యి. నలభై ఐదు రూపాయలు. ఆ కారానికి నాకు రెండు గ్లాసుల నీళ్లు పట్టినాయి. "చూసినావా? ఒక్క దోశకే రెండు గ్లాసులు. ఎడారిలో ఎన్ని గావాల?" అన్నాడు మా ఆయన. మొగుడితో వాదన గెలవాలంటే కారం దోశ తినకుండా ఉండాల అని ఆ దినం నేర్చుకున్నా.

క్యాన్లు తగిలించినాక వెనక నేనెక్కితే బండి ముందు చక్రం తేలిపోయింది. నా బరువు గురించి ఒక్క మాట మాట్లాడినా షరతు రద్దని చెప్పినా. ఖాదర్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

జమ్మలమడుగు: ఓబులమ్మ జీవాలు

జమ్మలమడుగు నా పుట్టిల్లు. ఆడి పాత మిషన్ ఆస్పత్రిలోనే పుట్టినా, మా అమ్మా ఆడే పుట్టింది. ఆ రాత్రి మా చెల్లెలింట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, వంకాయ కూర. ప్రొద్దుటూరుకూ ఈ ఊరికీ నడుమ దూరం కొంచెమే గానీ, ఆడ రొట్టె కొనుక్కొని తింటాం, ఈడ ఇంకా చేత్తో తట్టుకుంటారు. బయల్దేరేటప్పుడు మా చెల్లెలు వంటింట్లోకి పిలిచి, "బావకు ఏమన్నా అయ్యిందా అక్కా?" అని గొంతు తగ్గించి అడిగింది. క్యాన్లు చూసినట్టుంది.

రెండో దినం పొద్దున ఎండ ముదరకముందే ఏట్లో దిగినాం. మే నెల పెన్న ఎట్లుంటుందో ఈ జిల్లావాళ్లకు చెప్పే పని లేదు. మిగతావాళ్లకు: ఇది నది అని బోర్డు చూసి నమ్మాల. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసకే.

మొదటి వంద గజాలు బండి బాగానే పోయింది. "చూసినావా టీచరమ్మా!" అని అరిచినాడు. ఆ అరుపు అయిపోకముందే వెనక చక్రం కసుక్కున దిగింది. నన్ను దిగమన్నాడు. దిగినా. ఇంజన్ రేజ్ చేసినాడు. చక్రం ఇసకను నా చీర నిండా చిమ్మి, ఇరుసు దాకా పూడుకుపోయింది.

కొంచెం అవతల ఒకామె ఇసకలో చెలమ తవ్వి, పాత లారీ టైరు కోసి చేసిన తొట్టిలోకి నీళ్లు తోడతా ఉంది. చుట్టూ ముప్పై నలభై జీవాలు, గొర్రెలూ మేకలూ. ఊరే నీళ్లు చెంబెడు చెంబెడు వస్తుంటే జీవాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆమె లేచి నిదానంగా మా దగ్గరికొచ్చి, బండిని చూసి, క్యాన్లను చూసి, మళ్లీ బండిని చూసింది. పేరు ఓబులమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏమప్పా, పెన్నకు నీళ్లు తెచ్చినారా?"

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన మొహం మాత్రం జేవురించింది.

"యాడికి పోతాండారు ఇంత నీళ్లేసుకొని?"

"ఎడారికి" అన్నా.

"ఈడికే వచ్చినారు గదా, ఇంక పోయేదేముంది" అంది ఆమె. "ముందు ఆ నీళ్లు పారబోయండి. అవుంటే అది లేయదు."

ఖాదర్ చెప్పిందే ఈమె చెప్పింది. మా ఆయన ఒక క్యాను దించి, మూత తీసి, వంచబోయి ఆగిపోయినాడు. నా వైపు చూసి "నువ్వు పొయ్యి" అన్నాడు. నేను క్యాను పట్టుకున్నా. ఒట్టు, నా చేతులూ రాలేదు. నీళ్లను ఊరికే నేల మీద పోయడం మాకెవురూ నేర్పలేదు. మా చిన్నతనంలో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, చేతులు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. తాగే నీళ్లు ఇరవై లీటర్లు ఇసకలో పోస్తే మా అవ్వ గోరీలోంచి లేచొచ్చి తిట్టేది.

అటు బండి పోయేట్టు లేదు, ఇటు నీళ్లు పోసేట్టు లేము. ఇద్దరం క్యాను పట్టుకొని ఎండలో నిలబడినాం. ఈ తప్పు కోస్తావాళ్లయితే చేయరనుకుంటా. వాళ్లు అన్ని నీళ్లు తేనే తేరు, తెచ్చినా పోసేసి నడుచుకుంటూ పోతారు.

"తిక్కోళ్లా ఏంది మీరు? నా తొట్టిలో పోయండి" అంది ఓబులమ్మ.

ఆ మాట మాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలీదు. మోసుకుపోయి టైరు తొట్టిలో పోసినాం. జీవాలు తలకాయలు పెట్టి ఒక్క ఊపున తాగేసినాయి. రెండో క్యాను కూడా అంతే. వాటి గొంతులు కదులుతుంటే మా ఆయన ఆడ్నే గొంతుక్కూచొని, కడపటి జీవం తల ఎత్తేదాకా చూస్తా ఉండిపోయినాడు.

తర్వాత ఓబులమ్మ కొంగు దోపి వెనక నుంచి తోసింది, నేనొక పక్క, ఆయనొక పక్క. బండి బయటపడింది. అంటే సాయం తీసుకున్నట్టే. షరతు ప్రకారం మా ఆయన ఫెయిల్. ముప్పై ఏండ్లలో ఒక్కరికీ గ్రేస్ మార్కులు వేయని టీచర్ని నేను. ఆయన హెల్మెట్ పెట్టుకొని ముందుకే చూస్తున్నాడు. అట్లా చూస్తే నాకు కష్టమయింది.

"ఇంకో దినముంది గదా, తోలు" అన్నా.

ముద్దనూరు: మళ్లీ నింపినాడు

జమ్మలమడుగు దాటితే దారి పొడుగునా నాపరాళ్లే. గోడలు నాపరాళ్లు, గట్లు నాపరాళ్లు, బస్టాపులో కూచునే అరుగు నాపరాయి. ఆ రాళ్ల మీద పడిన ఎండ మళ్లీ మన మొహానికే కొడుతుంది. ఖాళీ క్యాన్లతో బండి హాయిగా పోతా ఉంది. ఆయనకు బుద్ధొచ్చింది, ఇంక ఈ ఫ్రేము పాలోళ్లకు అమ్మేస్తాడు అనుకున్నా.

ముద్దనూరులో చెరుకురసానికని ఆగినాం. గ్లాసు ఇరవై రూపాయలు. నేను తాగి తిరిగి చూస్తే మనిషి లేడు. పక్క సందులో నీళ్ల ప్లాంటు ముందర నిలబడి రెండు క్యాన్లూ నింపిస్తున్నాడు.

"నీకేమైనా తిక్క పట్టిందా అయ్యా? పొద్దున చక్రం ఇరుక్కున్నది చాల్లేదా?"

"ఉండనీ మే."

"ఎందుకుండాల? ఈడ మైలుకొక ఊరుంది."

"ఉండనీ అంటాండా గదా!"

రోడ్డు మీద నా మీద గొంతెత్తింది అదే మొదటిసారి. నాకు కోపమొచ్చింది. పులివెందుల చేరేదాకా మామూలుగా పట్టుకునే భుజం పట్టుకోలేదు, ఇనుప ఫ్రేమే పట్టుకున్నా. గుంతలో పడ్డప్పుడల్లా క్యాన్లలో నీళ్లు గుడగుడమని నా మోకాళ్లకు కొట్టుకున్నాయి.

పులివెందుల: చీనీ తోట

మూడో దినం పొద్దున లాడ్జి ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటుంటే ఒకాయన వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేసినాడు.

"డ్రైవరన్నా! గుర్తుపట్టలేదా? నేను, నారాయణ. నీ మొదటి ట్రిప్పులో చీనీకాయల మూటలు వేసుకొచ్చేవాణ్ని గదా."

మేము ఎంత చెప్పినా వినకుండా తోటకు తీసుకుపోయినాడు. నాలుగెకరాల చీనీ చెట్లు, కోస్తాలో బత్తాయి అంటారే అవి. ఆరు బోర్లేస్తే రెండిట్లో నీళ్లు పడ్డాయంట. ఒక్కో చెట్టు మొదట్లో డ్రిప్పు పైపు నుంచి నీళ్లు చుక్క చుక్క పడుతున్నాయి. ప్రొద్దుటూరులో కిలో అరవైకి కొనుక్కునే కాయలు ఈడ చెట్టు మీద నుంచి కోసి ఒళ్లో పోస్తే తినలేక ఇబ్బంది పడినాం.

కాయ ఒలుస్తా నారాయణ నాతో అన్నాడు: "అక్కా, మీ ఆయన లేకుంటే ఒక తూరి మేం ఆ గుట్ట కాడ ఎండిపోయేవాళ్లం. పదైదేండ్లయింటాది. నిండు ఎండాకాలం, బస్సు పొగలు కక్కి నిలబడిపోయింది. చుట్టూ మూడు మైళ్లు ఊరు లేదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. అన్న తన క్యాన్లో నీళ్లు మొత్తం రేడియేటర్లో పోసి ఎట్లనో తోలుకొచ్చి పడేసినాడు. అదీ డ్రైవరంటే!"

నేను గర్వంగానే మా ఆయన వైపు తిరిగినా. ఆయన చేతిలో చీనీ తొన అట్లనే ఉంది.

"ఆ దినం ఒక ముసలామె ఉండె బస్సులో" అన్నాడు. "ముందు సీట్లో. ఎర్ర రైక. ఆమె యావూరో తెలుసునా నీకు?"

నారాయణ ఆలోచించినాడు. "ముసలామెనా? యావ ముసలామెన్నా? నాకు గుర్తులేదే" అని, మోటారు కట్టేయడానికి లేచిపోయినాడు.

అప్పుడు చెప్పినాడు మా ఆయన, ఆ చీనీ చెట్ల నడుమ, నా మొహం చూడకుండా.

"ఐదు లీటర్ల క్యాను మే. ఆమె సీట్లోంచి చెయ్యి చాపి, గుక్కెడియ్యి నాయనా అనింది. ఉండవ్వా, ముందు బస్సుకు పోయనీ అన్నా. మొత్తం పోసేసినా. క్యాను బోర్లించి దులిపినా గూడా. ఆమె చూస్తానే ఉండె. ఈడ బస్టాండులో ఇద్దరు పట్టుకొని దించినారు. కాళ్లు నేల మీద ఆనలేదు. నాకు టైమైపోయుండె, దిగి చూడలా."

"యాభై మందిని చేర్చినావు గదా" అన్నా.

"చేర్చినా. గుక్కెడు తగ్గితే బస్సు ఆగిండేదా? ఆగిండేది కాదు. ముప్పై రెండేండ్లు తోలినోణ్ని, అది నాకు తెలుసు. అప్పుడూ తెలుసు."

పదైదేండ్లు. పిల్లల పెండ్లిళ్లు, అప్పులు, జబ్బులు, అన్నీ మాట్లాడుకున్నాం ఇద్దరం. ఇది ఒక్కటీ నాకు చెప్పలేదు. ఎండాకాలం బజారుకు పోయినా రెండు సీసాలు మోసుకొచ్చే మనిషిని నేను పదైదేండ్లు ఎగతాళి చేసినా. నా మీద నాకే రోత పుట్టింది. ముందు దినం పెన్నలో జీవాలు తాగుతుంటే ఆయన ఎందుకట్లా కూచున్నాడో అప్పుడర్థమయింది.

నా చేతిలో తొన ఆయన నోట్లో పెట్టినా. నారాయణ తిరిగొచ్చి, ఇంకో ఇరవై కాయలు సంచిలో వేసి, బండికి కట్టినాడు.

ఇల్లు: ఫలితాలు

తిరుగుదారిలో భుజమే పట్టుకున్నా. దారిలో చూసినవి ఏమైనా రాయాలంటే నాకు గుర్తులేదు. ఆయన వీపు మాత్రం చూసినా. నిండు క్యాన్లు, చీనీకాయలు, నేను, ఇంత బరువుతో ఒక్క గుంతలో కూడా బండిని దబ్బున పడనీయలేదు. ఆ వీపు వెనక యాభై మంది నిద్రపోతా ఊర్లు చేరేవాళ్లు.

ఇంటి ముందర బండి ఆపి, స్టాండేసి, హెల్మెట్ తీసి, నా ఎదుట నిలబడినాడు.

"చెప్పు. ఫెయిలే గదా?"

"ఫెయిలే" అన్నా. "ఇసకలో దిగబడినావు, సాయం తీసుకున్నావు, రోడ్డు మీద నా మీద అరిచినావు."

"సరే" అని క్యాన్లు విప్పబోయినాడు.

"ఇదో, డ్రైవరూ. ఒకటడుగుతా చెప్పు. ఈ బండికి రేడియేటరుందా?"

తల ఎత్తినాడు. "మోటార్ సైకిల్‌కు రేడియేటర్ యాడుంటాది మే? దీనిది గాలికే చల్లబడే ఇంజన్."

"మరి ఇది నీళ్లు తాగదు గదా. ఉండే నీళ్లన్నీ మనుషులకే. ఐదు లీటర్లు ఏసుకుంటే చాలు, ఎవురు చెయ్యి చాపినా ఇవ్వచ్చు."

ఆయన వంగి ఆ ఇంజన్‌ను చూసినాడు. తర్వాత హెల్మెట్‌తో మొహం కప్పుకున్నాడు. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయన ఏడవడం వాళ్ల నాయన పోయినప్పుడు చూసినా, మళ్లీ ఇప్పుడే.

జనవరికి సెలవు చీటీ రాసి హెడ్‌మాస్టరుకు ఇచ్చేసినా. సప్లిమెంటరీలో పాస్ చేసినట్టు లెక్క. పాలోళ్ల ఫ్రేమును ఖాదర్ కోసి తీసేసి, ఆ ఇనుముతోనే ఒక స్టాండు చేసిచ్చినాడు, దుడ్లు తీసుకోలేదు. అది మా గేటు బయట ఉంది. దాని మీద ఆ రెండు క్యాన్లు, గొలుసు కట్టని ఒక స్టీలు గ్లాసు.

వానలు వచ్చినాయి, ఊళ్లో చలివేంద్రాలన్నీ మూతపడినాయి. మాది తీయలేదు. మా ఆయన పొద్దున నాలుగింటికి లేచి ముందు ఆ క్యాన్లు నింపి, తర్వాత మ్యాపు పరుచుకుంటాడు. దారిన పోయేవాళ్లు వాళ్లంతట వాళ్లే వంచుకొని తాగిపోతారు. ఎవరైనా ముసలామె వచ్చి ఆగితే మాత్రం మ్యాపు వదిలేసి తనే పోయి, గ్లాసు నింపి చేతికిచ్చి, ఆమె తాగేదాకా ఆడ్నే నిలబడతాడు.